విస్తరి మూల ఉప్పు

ఆ రోజు పొద్దున నేను ముక్కల పులుసు పెడుతున్నాను. గుమ్మడి ముక్కలు, ములక్కాడలు ఉడికాయి. చింతపండు రసం పోసి, బెల్లం ముక్క చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఫోన్ మోగింది. ఒంగోలు ఆసుపత్రి నుంచి మా బావగారు. "పొయ్యి మీద ఏముందో దించెయ్యమ్మా. మీ అక్కయ్య ఇక లేదు," అన్నారు. ఆ కబురు చెప్పడానికి ఆయనకి వేరే మాట దొరకలేదు కాబోలు. చావు కబురు వచ్చిన ఇంట్లో పొయ్యి వెలగకూడదు కదా. గిన్నె దించాను, పొయ్యి ఆర్పాను. ఆ పులుసు ఆవిడ అడిగిందే. భోజనం వేళకి బస్సులో పట్టుకుపోదామనుకున్నాను. అందులో ఇంకా ఉప్పు కూడా వెయ్యలేదు.

అక్కయ్య అంటే నా తోడబుట్టింది కాదు. నా తోడికోడలు, మా ఆయన అన్నగారి భార్య. పర్చూరుకి అవతల నల్లరేగడి చేల మధ్య ఉంటుంది మా ఊరు. అన్నదమ్ములు వేరుపడ్డాక ఆ ఇంటికీ మా ఇంటికీ మధ్య మిగిలింది ఒక్క గోడే. ఆ గోడ కూడా ఆవిడ గొంతుకి అడ్డం కాలేకపోయింది. మీలో కొందరికి ఆవిడ గుర్తుండే ఉంటుంది. కొన్నేళ్ళ కిందట టీవీలో ఆడవాళ్ళ వంటల పోటీ వచ్చింది చూడండి, అందులో "మిరపకాయ అక్కయ్య" అని ఒకావిడ ఉండేది. "ఆ, ఉప్పు వెయ్యడం మర్చిపోయిందే, ఆవిడా," అని ఈపాటికి అనుకునే ఉంటారు. ఆవిడే. మీరట్లా అనుకుంటారని తెలిసే ఇది రాయడానికి కూర్చున్నాను.

ముందు ఆ మనిషిని చెప్పాలి. మా ఇంటి గుమ్మాలేవీ తల వంచకుండా ఆవిడ దాటగలిగేది కాదు. మనిషికి తగ్గ ఒళ్ళు, ఒంటికి తగ్గ నవ్వు. బావగారేమో నెమ్మదస్తుడు, పొట్టి. పెళ్ళిలో తాళి కట్టడానికి ఆయన పీట మీద ఇంకో పీట వేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మిరపకోతలప్పుడు గట్టు మీద నిలబడి ఆవిడ కేకేస్తే పక్క చేలో కూలీలు కూడా పనిలోకి దిగేవాళ్ళు. గుంటూరు యార్డుకి మిరపకాయల బస్తాలు, టిక్కీలంటాం, వేసుకుని బావగారితో పాటు ఆవిడా లారీ ఎక్కేది. ఆవిడని చూడగానే దలారీకి టీ తాగాలనిపించేదట. "నా కాయ తాలు కాదు, నీ కళ్ళే తాలు," అని, రంగు పోయిన కాయంటూ ధర తగ్గించబోయిన అతన్ని ఒకసారి అందరి ముందూ అనేసింది. ఆ దలారీ కూతురి పెళ్ళికి శుభలేఖ మొదట మా ఇంటికే వచ్చింది, అది వేరే సంగతి.

ఊళ్ళో ఎవరింట్లో శుభకార్యమైనా గాడిపొయ్యి దగ్గర ఆవిడే ఉండేది. కూలికి వండే మనిషి కాదు. పిలిస్తే వచ్చేది, పిలవకపోతే ఎందుకు పిలవలేదని దెబ్బలాడటానికి వచ్చేది. అంతంత గుండిగల ముందు కొంగు నడుముకి దోపి, గరిటె పట్టుకుని నిలబడితే ఇంక పెళ్ళికూతురి వంక ఎవరు చూస్తారు చెప్పండి. ఆవిడకి రెండు పట్టింపులుండేవి. వండేటప్పుడు రుచి చూడదు. అది మా అత్తయ్య నేర్పిన పద్ధతి. వండినవాళ్ళు ముందు నోట్లో వేసుకుంటే అది ఎంగిలి. ముందు దేవుడు, తర్వాత విస్తరి ముందు కూర్చున్నవాళ్ళు, ఆ తర్వాతే మనం. మరి ఉప్పు చాలిందో లేదో ఎట్లా తెలుస్తుంది? వాసన. ఉప్పు చాలని పులుసు మరుగుతుంటే ఒక పచ్చి వాసన వస్తుంది, చాలగానే అది చచ్చిపోతుంది. మా అత్తయ్యకి తెలుసు, అక్కయ్యకి తెలుసు, వాళ్ళ పక్కన నిలబడి నిలబడి నాకూ తెలిసింది.

రెండో పట్టింపు ఇంకా ఘనమైంది. ఆవిడ వంట అయితే విస్తట్లో ఉప్పు వడ్డించకూడదు. మామూలుగా విస్తరి వెయ్యగానే మూల చిటికెడు ఉప్పు వేసుకుంటూ పోతారు కదా, ఆవిడ ఒప్పుకునేది కాదు. ఉప్పు గిన్నె పట్టుకుని పంక్తిలోకి వచ్చినవాడి చేతిలోంచి గిన్నె లాగేసేది. "నా కూరకి ఉప్పు నేనేశాను, నువ్వెవరివి," అనేది. ఊరు ఊరంతా నవ్వుతూ ఆ మాటకి కట్టుబడింది. అక్కయ్య వండిన పెళ్ళిళ్ళలో విస్తరి మూల ఎప్పుడూ ఖాళీయే.

తర్వాత ఆ పాడు పత్తి సంవత్సరాలు వచ్చాయి. ఈ వైపు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. పురుగు ఏ మందుకీ చావలేదు, మనుషులే చచ్చారు. ఆ ఏడు బావగారు సైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని మంచంలో ఉన్నారు. మందు కొట్టడానికి మనిషి దొరకలేదు. అక్కయ్య మొహానికి తువ్వాలు చుట్టుకుని, డబ్బా వీపుకి కట్టుకుని తనే చేలో దిగింది. ఆడది మందు కొట్టడం అప్పటిదాకా మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. "నన్ను చూస్తే పురుగు భయపడి చస్తదిలే," అని నవ్వేది. సాయంత్రం ఇంటికొచ్చి ఎన్ని నీళ్ళు పోసుకున్నా ఆ మందు కంపు గోడ దాటి మాకు కొట్టేది. పురుగు భయపడలేదు. పంట పోయింది.

ఆ ఏడు వేసవిలో ఒక రోజు నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. గోడ అవతల నుంచి పాలు మాడిన కంపు. అక్కయ్య ఇంట్లో లేదేమో అనుకుని పరిగెత్తాను. ఆవిడ పొయ్యికి బారెడు దూరంలో కూర్చుని గోంగూర ఆకు తుంచుకుంటోంది. పాలన్నీ పొంగి, గిన్నె నల్లగా మాడి పొగ చిమ్ముతోంది. ఆవిడ వీపు పొయ్యి వైపు ఉంది.

"ఏందే ఆ పరుగు?" అంది.

"అక్కా, పాలు."

వెనక్కి తిరిగి చూసింది. చాలాసేపు చూసింది. లేచి గిన్నె దించలేదు. నేనే దించాను. అప్పుడు నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "నాకు వాసన తెలియడం లేదే అమ్మాయ్," అంది.

"ఎప్పట్నుంచి?"

"పత్తి తీసినప్పట్నుంచి. జలుబనుకున్నా. జలుబు కాదు."

ఒంగోలులో ముక్కు డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. మందు వల్ల కావచ్చు, మధ్యలో వచ్చిన జ్వరం వల్ల కావచ్చు, వస్తే మళ్ళీ వస్తుంది, లేకపోతే లేదు అన్నాడాయన. బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చింది. అంత పెద్ద మనిషి సీటులో మూలకి ఒదిగి కూర్చోవడం నేను అప్పుడే చూడటం. ఊళ్ళో దిగాక అంది. "ఎవరికీ చెప్పమాక. మీ బావకి కూడా. ఈ ఊరంతా నా చేతి వంట తింటది. గుడ్డిదాని చేత దారం ఎక్కిచ్చుకుంటారా ఎవరైనా?"

చెప్పలేదు. అప్పట్నుంచి నేను ఆవిడ ముక్కునయ్యాను. ఎక్కడ గాడిపొయ్యి వెలిగినా పక్కన నేనుండేదాన్ని. ఆవిడ ఉప్పు గుప్పిళ్ళతో వేస్తూ, గరిటె తిప్పుతూ, ఎవరినో తిడుతూ నా వంక చూసేది. పచ్చి వాసన పోయిందనుకున్నప్పుడు నేను కొంగు భుజం మీదికి లాక్కునేదాన్ని. అంతే, ఉప్పు డబ్బా మూత పడేది. ఇన్ని పెళ్ళిళ్ళు, ఇన్ని పేరంటాలు, ఒక్కరు కనిపెట్టలేదు. "ఈ చిన్నకోడలికి కొంగు నిలవదే," అని మా ఎదురింటి వదిన వెక్కిరించేది. ఆ వదినకి ఊళ్ళో కనపడనిది లేదు. ఇదొక్కటే కనపడలేదు.

బయటికి అంతా మామూలే. లోపల మాత్రం అక్కయ్యకి ఒక పురుగు పట్టింది. నిజంగా తన చేతిలో ఏమైనా మిగిలిందా, లేకపోతే ఊరు మొహమాటానికి తింటోందా అని. నేను ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు. "నువ్వు నా దానివి. వీళ్ళు నా వాళ్ళు. నన్ను ఎరగనోళ్ళు తిని బాగుందనాలి, అప్పుడు నమ్ముతా," అనేది. అట్లాంటి రోజుల్లో టీవీలో ఆ పోటీ ప్రకటన వచ్చింది. జిల్లాల్లో ఎంపికలు, తర్వాత హైదరాబాదులో షూటింగులు, చివరికి ఒక విజేత. ఒక్కొక్కరి వెంట సాయానికి ఒక మనిషిని తెచ్చుకోవచ్చన్నారు. ఆ మాట వినగానే గోడ మీంచి నా పేరు పెట్టి ఒక్క కేక పెట్టింది.

హైదరాబాదుకి తన పచ్చడి రోలు తీసుకునే వస్తానని పట్టుబట్టింది. అక్కడ మిక్సీలుంటాయి అక్కా అంటే, "మిక్సీ నూరదు, నరుకుద్ది," అంది. చీరాల స్టేషన్లో రోలు మా ఆయన నెత్తికెక్కింది. రైల్లో సీటు దొరకని పెద్దాయనెవరో హైదరాబాదు దాకా దాని మీదే కూర్చున్నాడు. షూటింగు చోట కాపలావాడు రోలు లోపలికి పోనివ్వనన్నాడు. "అయితే ఇక్కడే నూరతా, మీ కెమెరాని బయటికి పంపు," అంది. నవ్వుకుంటూ కెమెరా పట్టుకుని నిజంగానే బయటికొచ్చారు వాళ్ళు. గేటు దగ్గర నేల మీద కూర్చుని ఆవిడ రోట్లో పచ్చడి నూరుతుంటే తీసిన ఆ బొమ్మే ఆ పోటీ సాగినంత కాలం ప్రకటనలో వేశారు.

మీకు గుర్తున్న అక్కయ్య ఆవిడే. యాంకరమ్మాయిని దగ్గరికి లాక్కుని, "ఏం తల్లీ, అన్నం తింటన్నావా గాలి తింటన్నావా," అని అందరి ముందూ ముద్ద కలిపి పెట్టింది. కెమెరా పట్టుకున్న కుర్రాళ్ళందరికీ పెట్టింది. ఒక రోజు కాగే నూనెలో మా చేలో ఎండుమిరపకాయలు గుప్పెడు వేసింది. ఆ ఘాటుకి యాంకరమ్మాయి, జడ్జీలు, లైట్లు పట్టుకున్నవాళ్ళు, నాతో సహా అందరూ దగ్గుకుంటూ బయటికి పరుగు. ఆవిడ ఒక్కతే పొగలో గరిటె పట్టుకుని కదలకుండా నిలబడింది. జనం వెర్రెత్తిపోయారు. మిరపకాయ అక్కయ్య అన్న పేరు ఆ రోజే వచ్చింది. అది టీవీలో వేసిన రోజు మేం ఊళ్ళోనే ఉన్నాం, అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం టీవీ ముందు కూర్చుని ఏడుపొచ్చింది. ఆ పురుగుమందు ముక్కూ గొంతూ రెండూ మొద్దుబార్చేసిందేమో, ఆ ఘాటు ఆవిడకి చేరితే కదా దగ్గడానికి.

ఒక్కో మెట్టూ దాటుకుంటూ చివరి ముగ్గురిలోకి వచ్చింది. ఎక్కడెక్కడి వాళ్ళో తిన్నారు, బాగుందన్నారు. బసకి తిరిగొచ్చాక నా చెయ్యి పిసుకుతూ, "ఇంకొక్కటే అమ్మాయ్. ఆ ఒక్కటీ అయితే నేను కుంటిదాన్ని కాదని నాకు తెలుస్తది," అంది. ఆఖరి పోటీ పొద్దున లోపలికి పోతుంటే చెప్పారు, ఈసారి సాయానికి మనిషి ఉండకూడదని. నన్ను తీసుకెళ్ళి జనం మధ్యలో, పైమెట్టు మీద కూర్చోబెట్టారు.

ఆవిడ ఎంచుకుంది ముక్కల పులుసు. కళ్ళు మూసుకుని చెయ్యగలిగింది అదే మరి. నా దగ్గరికి ఏ వాసనా రాలేదు. ఏసీ గాలి, ముందు వరసలో ఎవరో పూసుకున్న సెంటు, అంతే. కిందనుంచి ఆవిడ ఒకసారి తలెత్తి నా కోసం వెతికింది. లైట్లు కళ్ళలో పడుతున్నాయేమో, కనపడ్డానో లేదో తెలీదు. వంట అయ్యాక యాంకరమ్మాయి ప్రేమగానే ఒక చెంచా తీసుకొచ్చింది. "అక్కయ్యగారూ, ఫైనల్స్ కదండీ, ఒక్కసారి రుచి చూసుకోండి," అంది.

చెంచా తీసుకుంది. పులుసులో ముంచింది కూడా. ఆ క్షణాన నేను మెట్టు మీంచి లేచి నిలబడ్డాను. చూడు అక్కా, ఏం కాదు, ముక్కు పోయినా నాలుకుంది కదా, చూడు, అని లోపల్లోపల అనుకుంటున్నాను. ఆవిడ ఆ చెంచా వంక చూసి, మెల్లగా పక్కన పెట్టేసింది. "మా ఇంట్లో వండినోళ్ళు ముందు తినరమ్మా," అంది. హాలంతా చప్పట్లు. నేను కూర్చుండిపోయాను.

జడ్జీల్లో పెద్దాయన ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. నవ్వాడు. "అక్కయ్యగారూ, నేనొక పొడుపుకథ అడుగుతాను. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు. ఏంటది?"

బళ్ళో పిల్లలా ఆవిడ ఠక్కున చెప్పేసింది. "ఉప్పు గదండీ."

చెప్పాక తెలిసింది. ఆ మొహం నేను మర్చిపోలేను. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది. "అయ్యో, మర్చిపోయానండీ," అంది. వాసన తెలియదని ఒక్క మాట చెప్పుంటే ఆ నవ్వులన్నీ అక్కడే ఆగేవి. చెప్పలేదు. కప్పు ఇంకెవరికో ఇచ్చారు. రైల్లో తిరిగి వస్తున్నంతసేపూ రోలు మీద చెయ్యేసుకుని కూర్చుంది. "అక్కా, ఆ ఒక్క చెంచా నోట్లో పెట్టుకుంటే ఏమయ్యేది," అని అడిగాను కోపంగానే. "టీవీలో అత్తయ్య చూస్తది కదే," అంది. మళ్ళీ తనే, "అత్తయ్య చూడకపోయినా అంతేలే," అంది.

కొన్ని వారాలకి అది టీవీలో వేశారు. మా వరండాలో టీవీ పెట్టి ఊరంతా కూర్చుంది. మాకప్పటికి తెలియని సంగతి ఆ రోజు తెరమీద కనపడింది. అక్కయ్య గుప్పెడు ఉప్పు తీసింది, గిన్నె మీదికి చెయ్యి చాపింది, అంతలో యాంకరమ్మాయి ఏదో అడిగింది, ఈవిడ తిరిగి నవ్వుతూ చేతులు తిప్పుతూ జవాబు చెప్పింది, చెప్పి ఆ గుప్పెడు ఉప్పునీ మళ్ళీ డబ్బాలోనే వేసేసింది. వేశాననుకుంది. ముక్కుంటే మరుక్షణం తెలిసేది. టీవీ వాళ్ళు ఆ ముక్కని నెమ్మది చేసి, వెనక కితకితలు పెట్టే సంగీతం పెట్టి, మళ్ళీ మళ్ళీ చూపించారు. వరండాలో జనం పడీ పడీ నవ్వారు. ఎదురింటి వదిన కళ్ళ నీళ్ళు తుడుచుకుంది. "టీవీలో పడేసరికి మా అక్కయ్యకి కాళ్ళు నేల మీద ఆనలేదమ్మా, ఉప్పెక్కడ గుర్తుంటది," అంది. అందరికంటే పెద్దగా నవ్వింది అక్కయ్యే. అందరూ వెళ్ళాక టీవీ ఆపి, పెరట్లోకి వెళ్ళి ఒట్టి రోలు ముందు కూర్చుంది. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. 

ఆ తర్వాత ఆవిడ వీధిలో పోతుంటే పిల్లలు పొడుపుకథ అడిగేవాళ్ళు. "ఉప్పురా నాయనా," అని ప్రతిసారీ జవాబు చెప్పేది. విసుక్కున్నది ఎప్పుడూ లేదు. అది కూడా భరించిందనుకోండి. భరించలేనిది ఎదురింట్లో జరిగింది. వదిన కూతురి నిశ్చితార్థం. వంట అక్కయ్యే, పక్కన నేను, కొంగు సర్దడం, అంతా మామూలే. పంక్తి కూర్చునే వేళకి అన్నీ అమిరాయి. విస్తళ్ళు పరిచారు. నీళ్ళు చల్లారు. అప్పుడు వదిన తమ్ముడు ఉప్పు గిన్నె పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి విస్తరి విస్తరికీ చిటికెడు వేసుకుంటూ పోయాడు. "ఎందుకైనా మంచిదని నేనే వెయ్యమన్నానక్కయ్యా, ఏమనుకోమాక," అంది వదిన. చెడ్డ మనిషి కాదు, నోటికి తాళం లేదంతే.

గిన్నె లాక్కుంటుందని అందరూ చూశారు. లాక్కోలేదు. గరిటె గుండిగలో పెట్టి పక్కకి జరిగి నిలబడింది. ఆ రోజు వంటలో ఉప్పు సరిగ్గా ఉంది, నేను పూచీ. అయినా చేతులు విస్తరి మూలకి పోతూనే ఉన్నాయి. కళ్ళ ముందు ఉప్పు కనపడితే చెయ్యి ఊరుకోదు కదా.

మళ్ళీ ఎవరింట్లోనూ ఆవిడ గరిటె పట్టలేదు. మోకాళ్ళన్నది, బీపీ అన్నది. ఊరు కూడా పెద్దగా బతిమాలలేదు. కేటరింగు వాళ్ళు వచ్చేశారు, ప్లాస్టిక్ కుర్చీలొచ్చాయి. మిరపకోతలప్పుడు గట్టు మీద కేకలు తగ్గాయి. గోడ మీంచి మాత్రం రోజూ పిలుపు వచ్చేది. "అమ్మాయ్, ఒకసారి రా." నేను వెళ్ళి కూర మీద వంగి, వాసన చూసి, కొంగు సర్దుకుని వచ్చేదాన్ని. ఇంట్లో మేమిద్దరమే కదా, "చాలక్కా" అంటే పోయేదానికి కొంగెందుకో. అలవాటు. ఆవిడ ఆ కొంగు వంకే చూసేది.

ఊపిరితిత్తులు పాడయ్యాయని తెలిసేసరికి ఆలస్యమైంది. ఒంగోలు ఆసుపత్రిలో మంచం ఆవిడకి చాలలేదు, కాళ్ళు చివర ఇనపకమ్మి దాటి బయటికి ఉండేవి. ఒళ్ళు మాత్రం సగమైంది. కూట్లో ఉప్పు తగ్గించమన్నారు డాక్టర్లు. మొదటి రోజు తిని, నా వంక చూసి, "పాపం ఆ జడ్జీగారు రెండు ముద్దలు ఎట్టా తిన్నాడే," అంది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. పోయే ముందు రోజు అడిగాను. "ఇప్పుడైనా చెప్పనా అక్కా, వాసన సంగతి? నువ్వు మర్చిపోలేదని అందరికీ చెప్పనా?"

"నే పొయ్యాక చెప్పుకో," అంది. "జాలి పడేదేదో నా వెనక పడనీ. ముందర వద్దు." తర్వాత, "రేపు ముక్కల పులుసు తీసుకురా. ఉప్పు మామూలుగానే వెయ్యి, డాక్టరుకి చెప్పమాక," అంది.

అందరూ వచ్చి ముత్తైదువగా పోయింది, అదృష్టవంతురాలు అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడకి చావులో అదృష్టం ఎందుకు, బతుకులో కావాలి గానీ. ఆ మంటలోనే, ఎదురింటి వదిన వచ్చి పక్కన కూర్చున్నప్పుడు అన్నీ చెప్పేశాను. పత్తిచేను, మాడిన పాలు, కొంగు, చెంచా, అన్నీ. బావగారు అవతల కూర్చుని వింటున్నారు. ఆయనకీ అప్పుడే తెలియడం. వదిన ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఆ ఊళ్ళో మొదటిసారి అనుకుంటాను. ఇంటికి వెళ్ళిపోయింది. సాయంత్రానికి ఊరందరికీ తెలిసింది.

పెద్దకర్మ నాటి వంట కేటరింగు వాళ్ళకి ఇద్దామన్నారు. ముక్కల పులుసు ఒక్కటీ నేనే పెడతానన్నాను. పెరట్లో ఆవిడ గుండిగ, ఆవిడ గరిటె. పోయినవాళ్ళకి పెట్టే కూడు ముందు నోట్లో వేసుకోకూడదు, ఆ పద్ధతి నాకూ ఉంది. పులుసు మరగడం మొదలుపెట్టింది. నేను వంగి వాసన చూశాను. ఏమీ తెలియలేదు. ఇన్ని రోజులు ఏడ్చి ఏడ్చి ముక్కు దిబ్బడేసుకుపోయింది. మళ్ళీ వంగాను. ఆవిరి మొహానికి తగిలింది, అంతే. ఇన్నేళ్ళూ ఆవిడ ఇట్లాగే నిలబడిందన్నమాట. ఇన్ని గుండిగల ముందు, ఇంతమంది కళ్ళ ముందు, నవ్వుకుంటూ.

చేతికి తోచినంత ఉప్పు వేశాను. చాలిందా అని తల తిప్పి పక్కకి చూశాను. అలవాటు చొప్పున కొంగు కూడా సర్దుకున్నాను. ఎవరికి చెప్పడానికో. ఆవిడ పేరున మొదటి విస్తరి గోడ మీద పెట్టాం. తర్వాత కూడా నేను రుచి చూడలేదు. ఆవిడ చూడంది నేనెందుకు చూడాలి.

పంక్తి కూర్చుంది. విస్తళ్ళలో ఉప్పు వెయ్యొద్దని ముందే చెప్పాను, ఆవిడ పంక్తి కదా. అన్నం వడ్డించారు, పప్పు అయింది, పులుసు పోసుకుంటూ నేనే వచ్చాను. మొదటి ముద్ద వదినే తింది. ఆగింది. తలెత్తి నా వంక చూసింది. పక్కనవాళ్ళూ ఆగారు. నాకు అర్థమైంది. చప్పగా ఉంది. 

వడ్డనలో ఉన్న వదిన తమ్ముడు ఉప్పు గిన్నె కోసం లోపలికి తిరిగాడు. "ఎక్కడికిరా," అంది వదిన. "ఇట్టా రా. ఇక్కడ ఎవరికీ ఏమీ తక్కువ కాలేదు."

ఆ పంక్తిలో ఒక్కరు కూడా ఉప్పు అడగలేదు. ఆ చివర నుంచి ఈ చివర దాకా తలలు వంచుకుని అంతా ఆ చప్పిడి పులుసు అన్నంలో కలుపుకుని తింటున్నారు. బావగారు కళ్ళు తుడుచుకుంటూ తింటున్నారు. పంక్తి చివర పీట మీద మా అత్తయ్య కూర్చుంది. ఈ పద్ధతి మా ఇద్దరికీ నేర్పిన మనిషి. పులుసంతా అయిపోయిన విస్తరి నా వైపు జరిపి, అన్నంలో గుంట చేసింది.

"ఇంకొంచెం పొయ్యమ్మా," అంది.